గోడ మీది కొలతలు

"సంతకం పెట్టడానికి ఇంత ఆలోచన ఎందుకమ్మా? నీ డ్రాయింగే కదా!" అన్నాడు నందకిషోర్. కాగితాన్ని గోదావరి టేబుల్ మీద పెట్టి, పెన్ను మూత కూడా తనే తీసి చేతికిచ్చాడు.

కాగితంలో ఉన్నవి నాలుగే నాలుగు లైన్లు. చేత్తో గీసిన పాత ట్రేసింగుకూ, దాన్ని చూసి కంప్యూటర్లో గీసిన డ్రాయింగుకూ ఎక్కడా తేడా లేదని, అన్నీ ఉన్నవున్నట్టు ఎక్కించానని ఒప్పుకోలు. కింద 'గోదావరి కైలాశ్ ఆడెపు, డ్రాఫ్ట్స్‌మన్' అని టైపు కొట్టి ఉంది. పేరు పైన ఖాళీ ఆమె సంతకం కోసం ఎదురుచూస్తోంది.

శనివారం ముఖేడ్‌లో అంత పని జరిగింది. పత్తి నుంచి గింజ వేరు చేసే జిన్నింగ్ యంత్రాలు పన్నెండు, నాందేడ్ పారిశ్రామికవాడ ఎమ్.ఐ.డి.సి.లోని ఈ కార్ఖానా నుంచే కొత్తగా వెళ్ళాయి. కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టిన నాలుగు గంటలకే మూడు యంత్రాల ఇరుసులు బిగుసుకుపోయి పొగలు కక్కాయి. పక్కనే దూదికుప్ప. ఇంకేముంది, అంటుకుంది. చేత్తో దూది లాగి పారేయబోయిన జనాబాయి అనే కూలామెకు కుడి అరచెయ్యి కాలింది. మంటయితే ఆరిపోయింది గానీ, సీజన్ మొదట్లోనే మిల్లు మొత్తం ఆగిపోయింది. ముఖేడ్ సేఠ్ గంటకోసారి ఫోన్ చేసి తిట్టరాని తిట్లు తిడుతున్నాడు.

"డ్రాయింగ్ సరైంది. దాని మీద నా సంతకం ఉంది, సర్టిఫికెట్ ఇచ్చినవాళ్ళ ముద్రా ఉంది. మరి తప్పెవరిది? చేసినవాళ్ళది," అన్నాడు నందకిషోర్ మరాఠీలో, వేళ్ళు మడుస్తూ. "వెంకట్రాములు కోపం నాకు తెలియదా? గోడకు సున్నం కొట్టించానని పగపట్టి బుష్‌లు చెడగొట్టించాడు. బుధవారం మాలక్ ముందు విచారణ. అప్పటికి ఈ కాగితం నా ఫైల్లో ఉండాలి."

కార్ఖానాకు మేనేజరుగా వచ్చి మూడేళ్ళయినా నందకిషోర్ నలిగిన చొక్కాతో కనిపించడం ఇదే మొదలు. కళ్ళు గుంటలు పడ్డాయి. డ్రాయింగ్ తప్పని తేలితే ఈ నెలలోనే నాణ్యత తనిఖీకి మళ్ళీ రాబోయే ఐ.ఎస్.ఓ. వాళ్ళు సర్టిఫికెట్ పీకేస్తారు. ఆ సర్టిఫికెట్ తెచ్చినవాడుగా అతనికి ఇక్కడ పేరు. అది పోతే అతనూ పోయినట్టే.

"ఒక్కసారి పాతది చూసుకుని పెడతా సార్," అంది గోదావరి.

"చూసుకో. చూసుకోవడానికి ఏముందని!"

కిటికీలోంచి గేటు కనిపిస్తోంది. వెంకట్రాములు గేటు బయట, వాచ్‌మన్ స్టూలు పక్కన నిలబడి ఉన్నాడు. పద్దెనిమిదేళ్ళుగా, లోహాన్ని లేత్‌ల మీద కోసే టర్నింగ్ షాపుకు ఫోర్‌మన్. ఈ పొద్దున లోపలికి రానివ్వలేదు. టిఫిన్ డబ్బా చేతిలోనే ఉంది. అడిగీ అడిగీ ఊరుకున్నాడు కాబోలు, కాసేపటికి డబ్బా చంకన పెట్టుకుని రోడ్డెక్కాడు. గోదావరికి ప్రాణం ఉసూరుమంది. ఆయన మీద ఇంత నింద వెయ్యడానికి తన సంతకమే ఆధారం కావడం ఆమెకు అస్సలు నచ్చలేదు.

పాత ట్రేసింగులన్నీ మెట్ల కింద ఇనుప బీరువాలో పడుకుని ఉన్నాయి. రెండేళ్ళయింది దాన్ని తెరిచి. సొరుగు లాగితే సుద్దపొడి వాసన. ముప్పై ఏడో నంబరు షీటును రెండు చేతులతో, మడత పడకుండా ఎత్తి, అద్దం బల్ల మీద పరిచి కింద లైటు వేసింది. పసుపు తిరిగిన కాగితం మీద నల్ల సిరా గీతలు ఇంకా నిక్కచ్చిగా ఉన్నాయి. ఇరుసు చుట్టూ తొడిగే గన్‌మెటల్ తొడుగు, అదే బుష్, దాని బొమ్మ మధ్యలో ఉంది. రంధ్రం అరవై మిల్లీమీటర్ల మీద నూరోవంతులు ఆరు. పక్కన కంప్యూటర్ ప్రతి పెట్టుకుని స్కేలు అంచు జరుపుకుంటూ ఒక్కో అంకె సరిచూసింది. అరవై పాయింట్ సున్నా ఆరు. ఇందులోనూ అదే. అన్నీ సరిపోయాయి. అమ్మయ్య అనుకుంది.

అనుకుని లైటు ఆర్పబోయింది. అప్పుడు కనబడింది ఆ లైను.

బుష్ బొమ్మ కిందే, పెన్సిలుతో, గోరంత అక్షరాలు. తెలుగు అక్షరాలు.

గోదావరి చెయ్యి స్విచ్ మీదే ఆగిపోయింది. ఈ లైనును ఆమె ఇంతకు ముందు చూసింది. కంప్యూటర్ కొత్తగా వచ్చినప్పుడు, ఇదే బల్ల మీద, ఇదే లైటు వెలుగులో చూసింది. చదవలేకపోయింది. నాందేడ్‌లో ఎంతమంది తెలుగు వాళ్ళున్నా ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు మరాఠీ. ఆమెకు మాట వచ్చు, అక్షరం రాదు. వెంకట్రాములు అప్పుడు ఇరవై అడుగుల దూరంలో లేత్ దగ్గరే ఉన్నాడు. వెళ్ళి అడిగితే సరిపోయేది. 'తెలుగింటి పిల్లవు, గీమాత్రం సదవరాదా?' అని అందరి ముందూ నవ్వుతాడేమోనని సిగ్గుపడింది. కంప్యూటర్లో ఆ అక్షరాలు ఎట్లాగూ రావు. ఏదో ఊరికే గీసుకున్నారులే అని వదిలేసింది. రెండు వందల నలభై డ్రాయింగులు నలభై రోజుల్లో ఎక్కించిందని మాలక్ అందరి ముందూ చప్పట్లు కొట్టించాడు. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పుడు చెంపలు వాయించుకోవాలనిపించింది.

పల్చటి బటర్ పేపర్ ముక్క ఆ లైను మీద పరిచి, నాలుగు మూలలా టేపు అంటించి, చెక్కిన పెన్సిలుతో అక్షరాల మీదే గీయడం మొదలుపెట్టింది. ఎక్కడ మాట ఆగుతుందో తెలియదు గనక ఖాళీలు కూడా ఉన్నంత మేరకే వదిలింది. గుండ్రాలు, తోకలు, తలకట్లు. అర్థం తెలియని బొమ్మ గీయడం ఆమెకు కొత్తేం కాదు, ట్రేసింగ్ చేసేవాళ్ళ పనే అది. కానీ ఈసారి ఒక అక్షరం రెండుసార్లు చెరిపింది.

ఇంటికి వెళ్ళేసరికి మామ మార్కండేయ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ముసలాయన కండ్లద్దాల కాడ ఒకటి విరిగితే దారం కట్టుకున్నాడు. పద్మశాలి సంఘం భజనల్లో పుస్తకం చూసి పాడగలిగింది ఆయన తరంతోనే సరి.

"మామా, గిది జర చదువుండ్రి."

మార్కండేయ కాగితాన్ని దూరం పెట్టి, దగ్గర పెట్టి, మళ్ళీ దూరం పెట్టాడు.

"బుష్... కొట్టినంక... కొలత గిది. కొట్టక ముందుగాల... ఆరు పాయింట్లు... ఎక్కువ కొయ్యాలె." తల ఎత్తాడు. "ఏందే ఇది? ఎవల్ని కొట్టినంక? ఎవల్ని కోసుడు?"

గోదావరి నవ్వలేదు. గడప మీద కూలబడింది. అంతా తేటతెల్లమైపోయింది. బుష్‌ను ఇనుప గూట్లోకి సుత్తితో కొట్టి బిగిస్తారు. బిగించేటప్పుడు నలువైపులా నొక్కుకుని దాని రంధ్రం ఆ మాత్రం చిన్నదవుతుంది. డ్రాయింగులో ఉన్న కొలత బిగించిన తర్వాత ఉండాల్సింది. కొట్టకముందు దానికి ఆరు పాయింట్లు, అంటే మిల్లీమీటరులో నూరోవంతులు ఆరు, ఎక్కువ పెట్టి కొయ్యాలి. ఈ లైను లేని కాగితం చూసి చేసినవాళ్ళు ముందే ఆ కొలతకు కోశారు, కొట్టి బిగించారు. రంధ్రం ఇరుసంతే అయి కూర్చుంది. నూనె దూరడానికి సందు లేదు. తిరిగి తిరిగి కాలింది. కాలి జనాబాయి చెయ్యి కాల్చింది.

"నా చేతులతోని నేనే జేసిన మామా," అంది.

భర్త కైలాశ్ లోపలి నుంచి వచ్చి, సంతకం సంగతితో సహా అంతా విన్నాడు. తను పనిచేసే మిల్లు ఎప్పుడో మూతపడ్డాక అతను బట్టల దుకాణంలో రోజుకూలీ మీద పనిచేస్తున్నాడు. నెల తిరిగేసరికి ఆ ఇంటికి నమ్మకంగా వచ్చేది గోదావరి జీతం ఒక్కటే. "సంతకం పెట్టెయ్యి," అన్నాడు, ఆమె మొహం చూడకుండా. "కొలతలైతే సరిపోయినయి గద. అబద్ధమేముంది? వెంకట్రాములుకు ఇంక రెండేండ్ల నౌకరి. నీకు ఇర్వై ఏండ్లున్నది. నేను చెడ్డోణ్ణని అనుకోకు, పోరలను చూసి అంటున్న."

"నువ్వు చెడ్డోనివని నేనెప్పుడన్న?" అంది గోదావరి. చెడ్డవాడు కాకపోవడమే ఆమెకు కష్టంగా ఉంది.

మార్కండేయ బటర్ పేపర్ ముక్కను జాగ్రత్తగా మడిచి కోడలి చేతికిచ్చాడు. "రాసినోడు మంచిగనే రాసిండు. సదివెటోళ్ళే లేకపాయె," అని కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

మంగళవారం షాపులో లేత్‌లు తిరుగుతున్నాయి గానీ మాటల్లేవు. ఎవరి తల వాళ్ళు వంచుకుని పనిచేస్తున్నారు. పెద్ద లేత్ వెనకాల గోడ తెల్లగా, కొత్తగా మెరుస్తోంది. శ్రావణం దాకా ఆ గోడ నిండా నూనెరంగుతో రాసిన అంకెలుండేవి, పక్కన తెలుగులో రెండేసి ముక్కలు. ఏ భాగాన్ని ఎంత ఎక్కువ కొయ్యాలో, ఎంత తక్కువ కొయ్యాలో వెంకట్రాములు ఒక్కో దెబ్బ తిని నేర్చుకున్నవన్నీ అక్కడ రాశాడు. ఐ.ఎస్.ఓ. వాళ్ళు వచ్చే ముందు నందకిషోర్ ఆ గోడ చూసి తల పట్టుకున్నాడు. సంతకం, తారీఖు, నంబరు లేని కొలత షాపులో కనబడకూడదన్నది వాళ్ళ రూలు. ఒక్క ఆదివారం రెండు పూతల సున్నం పడేసరికి గోడ శుభ్రమైపోయింది.

ఆ లేత్ మీద పనిచేసేది జ్ఞానేశ్వర్. మరాఠీ మనిషి, పదేళ్ళ అనుభవం ఉన్నవాడు. గోదావరి దగ్గరికి రాగానే మోటారు ఆపాడు.

"బుష్‌లు నేనే కోశాను తాయీ. నన్నూ బయటికి పంపుతారా?"

"కొలత ఎక్కడిది చూసి కోశావు?"

"కాగితం చూసి. కానీ గోడ మీద ఏదో ఎక్కువ పెట్టమని ఉండేదని గుర్తు. ఎంతో గుర్తు లేదు. మూడుసార్లు అడిగాను వెంకట్రాములు కాకాను. ఒకసారి కాదు, మూడుసార్లు." జ్ఞానేశ్వర్ గొంతు తగ్గించాడు. "కాగితం ఏం చెప్తే అది చెయ్యి అన్నాడు. మూడుసార్లూ అదే మాట."

ఆ ఆరు పాయింట్లు వెంకట్రాములును నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన సంగతి. మరెందుకు చెప్పలేదు?

నందకిషోర్ షాపు గుమ్మంలోంచే చెయ్యెత్తి, గాల్లో సంతకం గీసి చూపించాడు. ఏమైంది అన్నట్టు.

"రేపు సార్," అంది గోదావరి.

"రేపు పది గంటలకు విచారణ. అంతకు ముందే," అని వాచీ చూపించి వెళ్ళిపోయాడు.

సాయంత్రం డ్యూటీ దిగి ఆమె నేరుగా ఇత్వారా బస్తీలో వెంకట్రాములు ఇంటికి పోయింది. ఆయన అప్పుడే బస్సు దిగి వచ్చినట్టున్నాడు, చెప్పులు కూడా విప్పలేదు. భార్య విమలాబాయి చాయ్ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి, "పొద్దుగాల పోయిండు, ముకేడ్‌కు. అన్నం లేదు, నీళ్ళు లేవు," అని గోదావరికి చెప్పుకుని లోపలికి పోయింది.

గోదావరి బటర్ పేపర్ తీసి చాయ్ కప్పు పక్కన పరిచింది.

"కాకా, తప్పు నాది. గీ లైను నేనే ఇడిసిపెట్టిన. నాకు సదవరాలె. రేపు మాలక్ ముంగట అదే చెప్త. నా నౌకరి పోతె పోనీ."

వెంకట్రాములు ఆ కాగితాన్ని ముట్టుకోలేదు. చూశాడంతే.

"నాకెరికె."

"ఏమెరికె?"

"నీ కంప్యూటర్ కాగదం షాపులకు అచ్చిన దినమే సూసిన. ఆ లైను లేదు. నేను రాసిందే గద, నాకు తెల్వదా? రెండేండ్లాయె."

బయట ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"మరి చెప్పలే?"

"చెప్పలే." వెంకట్రాములు చాయ్ కప్పును చేత్తో తిప్పుతున్నాడు, తాగడం లేదు. "సంతోషమైంది బిడ్డా, నిజం చెప్తున్న. గా నందకిషోర్ సారు అచ్చినకాన్నుంచి అన్ని కాగదాలల్లకు పోతున్నయి. అన్ని పోయినంక నాతోని ఏం పనున్నది? గిదొక్కటి పోలే. గోడ మీదున్నయి పోలే. కాగదంల లేనిదాక నేనుంట అనుకున్న."

"గోడకు సున్నమేసినంక?"

"సున్నమేసినప్పుడు నన్నొక మాట అడిగిండ్రా? వెంకట్రాములు, ఇయ్యన్ని ఏంది, పనికొస్తయా అని ఒక్క మాట? పద్దెనిమిదేండ్లు బిడ్డా! సోమవారం అచ్చి సూస్తె తెల్లగున్నది. సరే, మీ కాగదమే మీకు చెప్తది అనుకున్న. ట్రయల్ తీస్తె షాపులనే జామైతది, అప్పుడు నా దగ్గరికే ఉరికస్తరు అనుకున్న." చాయ్ కప్పు పక్కకు జరిపాడు. "ఈసారి ట్రయల్ తియ్యనే తియ్యలే. సీజనని జల్ది లారీలెక్కించిండ్రు. అప్పుడన్న నోరు తెరవాలె. తెరవలే."

గోదావరికి ఎక్కడలేని కోపం వచ్చింది. నిన్నటి నుంచి ఈయన కోసమే తిండి సయించలేదు. మొగుడి మాట పక్కన పెట్టింది. "నేను నా పోరల నోటికాడిది తీసి నీకిద్దామని అచ్చిన కాకా! నువ్వు తెలిసి తెలిసి... ఆమె చెయ్యి కాలింది, ఎరికేనా?"

"సూసే అచ్చిన." వెంకట్రాములు తన కుడి అరచేతిని విప్పి చూపించాడు, అక్కడేదో ఉన్నట్టు. "గిదంత. వేళ్ళు ముడవస్తలేదు. నేను ఎవలనో ఆమెకు తెల్వది. మిషన్ మంచిగ జేసే మనిషినని చెప్పుకున్న. జల్ది బాగు చెయ్యుండ్రి, పని బందైతె మాకు కూలి లేదన్నది."

చాయ్ చల్లారి మీగడ కట్టింది.

"రేపు నువ్వేం చెప్పకు," అన్నాడు చివరికి. "చెప్తె నా మీది మచ్చ పోతది, సరే. వెంటనే గోడ మీదున్నయన్ని కంప్యూటర్ల ఎక్కియ్యుండ్రి అంటరు. ఎక్కినంక నన్ను పొమ్మంటరు. ఎట్ల జూసినా నేను బయటనే. నీ నౌకరన్న మిగలనీ."

గోదావరి బటర్ పేపర్ మడిచి సంచిలో వేసుకుంది. వస్తానని కూడా చెప్పకుండా లేచింది. రోడ్డు మీద నడుస్తుంటే ఆయన మీద కోపమూ పోలేదు, ఆయన చెప్పింది అబద్ధమనీ అనిపించలేదు. అదే మరీ మంటగా ఉంది.

బుధవారం పది గంటలకు మాలక్ గదిలో ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. మాలక్ అంటే కార్ఖానా యజమాని శంకర్రావు. తండ్రి పెట్టిన చిన్న కొలిమిని ఇంతదాకా తెచ్చిన మనిషి. అరవడం రాదు, మర్చిపోవడమూ రాదు. వెంకట్రాములు ఉతికిన చొక్కా వేసుకుని గోడ పక్కన నిలబడ్డాడు. అతని ముందు టైపు చేసిన మాఫీనామా, అంటే తప్పొప్పుకోలు కాగితం, పెట్టారు. నిర్లక్ష్యంగా బుష్‌లు చేయించానని, స్వయంగా నౌకరి విడిచిపెడుతున్నానని. సంతకం పెడితే పోలీసు కేసు ఉండదని నందకిషోర్ రెండుసార్లు చెప్పాడు. వెంకట్రాములు పెన్ను అందుకున్నాడు.

"ముందు గోదావరి కాగితం ఇవ్వనీ," అన్నాడు శంకర్రావు.

గోదావరి సంచిలోంచి కాగితం తీయలేదు. చంకలో చుట్ట చుట్టి తెచ్చిన ముప్పై ఏడో నంబరు ట్రేసింగును మాలక్ టేబుల్ మీద పరిచింది. అది ముడుచుకుపోతుంటే రెండు మూలల మీదా తన చేతులే పెట్టింది.

"నేను సంతకం పెట్టలేను మాలక్. తేడా ఉంది. ఈ లైను నేను వదిలేశాను."

నందకిషోర్ ముందుకు వంగాడు. "ఏ లైను? ఈ చీమల కాళ్ళా? ఇది డ్రాయింగు కాదు, ఎవరో పెన్సిల్‌తో గీకారు!"

"ఏముంది ఇందులో? చదువు," అన్నాడు శంకర్రావు.

"నాకు చదవరాదు మాలక్. అప్పుడూ రాలేదు. ఎవరినైనా అడగాలంటే సిగ్గేసి వదిలేశాను. మొన్న మా మామతో చదివించుకున్నా." గోదావరి మాట మాట విడదీసి మరాఠీలో చెప్పింది. కొలత బుష్ బిగించిన తర్వాతది అని. బిగించక ముందు ఆరు పాయింట్లు ఎక్కువ కొయ్యాలని. "ఇది లేకపోవడం వల్లే బిగుసుకుపోయాయి. చేసినవాళ్ళు కాగితం చెప్పినట్టే చేశారు. తప్పు కాగితానిది. కాగితం నాది."

శంకర్రావు కళ్ళజోడు సర్దుకుని వెంకట్రాములు వైపు తిరిగాడు. "రాత నీదేనా?"

అవునంటే చాలు. తల ఒక్కసారి ఊపితే నింద మొత్తం గోదావరి మీదికి పోతుంది. ఆమె ఆయన వైపు చూడలేదు. ట్రేసింగు మీద పెట్టిన తన వేళ్ళనే చూసుకుంటూ నిలబడింది.

"రాత నాదే మాలక్," అన్నాడు వెంకట్రాములు, పెన్ను టేబుల్ మీద పెట్టేసి. "గీ పిల్లది తెల్వక ఇడిసింది. నేను తెలిసి ఊకున్న. రెండేండ్ల నుంచి ఎరికె నాకు. జ్ఞానేశ్వర్ మూడుసార్లు అడిగినా చెప్పలే. గోడకు సున్నమేసిండ్రని కోపం."

"విన్నారా! నేనన్నది అదే కదా," అని నందకిషోర్ కుర్చీలోంచి లేవబోయాడు.

"కూర్చో," అన్నాడు శంకర్రావు. "తొడుగు అంత బిగువుగా ఉంటే ట్రయల్లో ఎందుకు దొరకలేదు?"

నందకిషోర్ ఎర్రబడ్డాడు. ఫైలు మూసి, తెరిచి, మళ్ళీ మూశాడు. "ట్రయల్ తియ్యలేదు. పదో తారీఖుకు లారీ కదలాలని మీరే అన్నారు."

శంకర్రావు కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు. అంతలో ఫోన్ మోగింది. ముఖేడ్ నుంచే అని అందరికీ తెలుసు. అది మోగీ మోగీ ఆగిపోయేదాకా ఎవరూ కదల్లేదు.

మాఫీనామాను శంకర్రావు చించలేదు. మడిచి సొరుగులో పెట్టుకున్నాడు. "వెంకట్రాములు, ఇప్పుడే ముఖేడ్ పో. జ్ఞానేశ్వర్‌ను తీసుకుపో. పన్నెండూ తిరగాలి."

"జనాబాయి చెయ్యి సంగతి మాలక్. నాందేడ్ దవాఖానకు తేవాలె."

"తీసుకురా. ఖర్చు కార్ఖానాది." గోదావరికి మెమో ఇవ్వమని నందకిషోర్‌కు చెప్పి, మళ్ళీ వెంకట్రాములును ఆపాడు. "ఆ గోడ మీద అట్లాంటివి ఎన్నుండేవి?"

"నలభై ఒకటి."

"తిరిగొచ్చాక అన్నీ ఈమెకు చెప్పు. ఒక్కటి కూడా మిగలకూడదు. అన్నీ కాగితం మీదికి ఎక్కాక..." శంకర్రావు ఫోన్ వైపు చెయ్యి చాపాడు. "అప్పుడు చూద్దాం."

ఆ 'చూద్దాం'కు అర్థం గదిలో అందరికీ తెలిసింది. వెంకట్రాములు గోదావరి వైపు చూశాడు. నిన్న చెప్పలేదా అన్నట్టు లేదు ఆ చూపు, అలసిపోయి ఉందంతే. నిజం చెప్పి ఆయన్ని కాపాడానని అనుకోవడానికి కూడా ఆమెకు లేకుండా పోయింది.

గురువారం మెమో వచ్చింది. సంతకం పెట్టి తీసుకుంది. మెమో ఇచ్చిన చేత్తోనే నందకిషోర్ పని కూడా చెప్పాడు.

"పదిహేను రోజులు. నలభై ఒకటీ అయిపోవాలి. రెండు వందల నలభై నలభై రోజుల్లో చేసినదానివి, నీకిదెంత?"

"అప్పుడు అట్లా చేసినందుకే కదా సార్ ఇంత జరిగింది," అంది గోదావరి. ఆమె అల్మారాలోంచి ఐ.ఎస్.ఓ. పుస్తకం తీసి టేబుల్ మీద పెట్టింది. నందకిషోరే రాసిన పుస్తకం. డ్రాయింగులో ఒక్క కొలత మార్చాలన్నా ఏం చెయ్యాలో అందులో పద్ధతి ఉంది. వేలు పెట్టి చదివింది. నమూనా ముక్క చెయ్యాలి. బిగించి కొలవాలి. యంత్రంలో పెట్టి ఆరు రోజులు తిప్పాలి. విప్పి మళ్ళీ కొలవాలి. చేసినవాళ్ళు, కొలిచినవాళ్ళు, గీసినవాళ్ళు, ఒప్పుకున్నవాళ్ళు, నాలుగు సంతకాలు. ఒకటి పూర్తి కాకుండా రెండోది మొదలుపెట్టకూడదు.

"ట్రయల్ యంత్రం ఒక్కటే ఉంది కదా సార్. లెక్క వేశాను. సెలవులు కూడా కలిపితే ఒక్కో కొలతకు పద్దెనిమిది రోజులు పడుతుంది. మీరు ట్రయల్ వద్దంటే మానేస్తా. వద్దని రాసివ్వండి."

నందకిషోర్ ఆమె మొహంలోకి చూశాడు. గోదావరి కళ్ళు దించలేదు. ట్రయల్ వద్దని ఇంకోసారి రాసివ్వడానికి అతనికి చెయ్యి రాలేదు. పుస్తకాన్ని తన వైపు తిప్పుకుని, తను రాసిన పేజీనే మొదటిసారి చదువుతున్నవాడిలా చదివాడు. ఆమె గీసి తెచ్చిన పట్టిక కింద సంతకం గీకి, "మాలక్ అడిగితే నువ్వే చెప్పుకోవాలి," అని లేచిపోయాడు.

శనివారం మధ్యాహ్నం వెంకట్రాములు ముఖేడ్ నుంచి వచ్చాడు. పన్నెండు యంత్రాలూ తిరుగుతున్నాయి. జనాబాయిని దవాఖానాలో చేర్పించి, ఆమె కొడుకును పక్కన కూర్చోబెట్టి వచ్చాడు. గోళ్ళ సందుల్లో నల్ల నూనె ఇంకా పోలేదు. డ్రాయింగ్ ఆఫీసులో ఎప్పుడూ కూర్చోని మనిషి, కుర్చీ అంచున ఒదిగి కూర్చున్నాడు.

"రాసుకో బిడ్డా. రెండు దినాలల్ల మొత్తం చెప్త. దాసుకునేది ఏం లేదింక."

గోదావరి పట్టికను ఆయన ముందుకు జరిపింది. వరసగా నలభై ఒక్క గళ్ళు. ఒక్కోదాని పక్కన మొదలయ్యే తారీఖు, ముగిసే తారీఖు. అన్నింటికీ కింద నందకిషోర్ సంతకం. వెంకట్రాములు వేలితో ఒక్కో గడి దిగుతూ పోయాడు. ఏ లెక్కయినా నోటితోనే వేసే మనిషి, పెదాలు కదిలాయి. నలభై ఒకటి పద్దెనిమిదులు. వేలు చివరి తారీఖు దగ్గర ఆగిపోయింది.

"ఏడు వందల ముప్పై ఎనిమిది," అన్నాడు మెల్లగా. "రెండేండ్ల మీద ఎనిమిది దినాలు."

"అవును కాకా."

"నాకు రెండేండ్లే ఉన్నది."

"ఎనిమిది దినాలు ఉత్తగ అచ్చి కూసోరాదా? చాయ్ నేను పోయిస్త."

వెంకట్రాములు నవ్వుదామనుకున్నాడు గానీ నవ్వు రాలేదు. మొహం పక్కకు తిప్పుకుని నూనె చేతులతోనే కళ్ళు తుడుచుకున్నాడు. "మొన్న నా ఇంట్లకెల్లి అంత కోపంగ పోయినవ్," అన్నాడు.

"కోపం పోలేదు," అంది గోదావరి. నిజంగానే పోలేదు. మొదటి ఫారం తీసి బల్ల మీద పరిచి, పెన్సిలు ఆయన వైపు జరిపింది. "మొదటిది రాయి కాకా. తెలుగుల రాసి, ఏ అక్షరం ఏదో నాకు చూపియ్యి. మెల్లగ రాయి."

ఆయన చెయ్యి చొక్కాకు తుడుచుకుని, పెన్సిలు పట్టుకుని, మెల్లగా రాయడం మొదలుపెట్టాడు.